గొడుగు తిరగేసిన మనిషి

మా మరిది వడదెబ్బకు పోయాడు. గుండె ఆగిందని కొందరంటున్నారు. ప్రభువు పిలుచుకున్నాడని చర్చిలో అయ్యగారు చెప్పారు. కంకిపాడు బళ్ళో అతనితో పనిచేసిన పంతుళ్ళు ఒక కాగితం అచ్చు వేయించి పంచారు. ‘చివరి ప్రయోగం పూర్తి కాకుండానే నేలకొరిగారు’ అని అందులో ఉంది. చదువుకున్నవాళ్ళ మాటలు. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, నెత్తిన తుండుగుడ్డయినా లేకుండా, ఎండిన బందరు కాలువ ఇసుకలో నిలబడితే ఏ మనిషైనా పోతాడు. పోతావయ్యా అని నేను చెబుతూనే ఉన్నాను. పోయాడు.

కబురు తెచ్చింది నా మనవరాలు కరుణ. చెప్పులు లేవు, వోణీ జారిపోతోంది, చేతిలో మసి పట్టిన గ్లాసు ఒకటి. ‘నాయనమ్మా, చిన్న తాతయ్య పడిపోయాడు’ అంది. గ్లాసు కాలుతున్నట్టుంది, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది కానీ కింద పెట్టదు. నేను గట్టు దాకా వెళ్ళేసరికే ఎవరో రిక్షాలో ఎక్కించి తీసుకుపోయారు. దీపాలు పెట్టే వేళకు మా కోడలు ఆసుపత్రి నుంచి వచ్చింది. అక్కడే నర్సు. డ్యూటీ బట్టలు మార్చుకోకుండా వాకిట్లోనే నిలబడిపోయింది. ఆ నిలబడటంలోనే నాకు తెలిసిపోయింది.

అతని దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పుడు జ్ఞాపకార్థం చిన్న పుస్తకం వేస్తున్నారట. నలుగురు వచ్చి, ‘అమ్మగారూ, మీ చేతి అన్నం తిన్న మనిషి కదండీ, మీరూ నాలుగు మంచి మాటలు రాయండి’ అన్నారు. మంచి మాటలు మీరు రాసుకోండి, నాది మిషన్ బళ్ళో మూడో తరగతి, నాకు తోచినవి రాస్తాను, వేసుకుంటే వేసుకోండి, లేకపోతే పొయ్యిలో పెట్టుకోండి అన్నాను. సరేనన్నారు. కనుక చదివేవాళ్ళు నా మీద కోపం తెచ్చుకోవద్దు. నా కోపమే నాకు చాలినంత ఉంది.

నేను కాపురానికి వచ్చేటప్పటికి అతను నిక్కర్లు వేసుకునే పిల్లాడు. నా కళ్ళ ముందే పెద్దవాడై, పంతులై, పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్ల పురిట్లోనే బిడ్డతో సహా పోయింది. మళ్ళీ చేసుకోమంటే చేసుకోలేదు. మా ఆయన పోయాక పెరటి గదిలో అతను, ముందింట్లో మేమూ ఉన్నాం. రెండు పూటలా నా దగ్గరే తినేవాడు. తిన్నాడని పేరే గాని కంచంలో అన్నం చల్లారిపోయినా చూసుకునేవాడు కాదు. చారు గిన్నెలో గరిటె నిలబెట్టి, ‘కరుణా, ఇటు చూడు, నీళ్ళలోకి వెళ్ళగానే కాడ విరిగినట్టు ఎందుకుంది?’ అని మొదలుపెట్టేవాడు. పిల్ల తినడం మానేసి తల వంచి చూసేది. వంటచేసినదాని మొహం ఒక్కరూ చూసేవారు కాదు.

నేను భయస్తురాలిని. దాచుకునేదేముంది. కొడుకుది రైల్వేలో పని, ఇంజను కూత పొడుగ్గా వినబడితే చేతిలో పని వదిలి వాకిట్లోకి వస్తాను. కోడలిది ఆసుపత్రి పని, ఏ జబ్బు అంటించుకొస్తుందో అని భయం. ఇద్దరూ డ్యూటీలకు వెళ్ళిపోతే ఆ ఒక్క పిల్ల నా చేతిలో మిగులుతుంది. దానికేమైనా అయితే వాళ్ళకు నేనేం చెప్పాలి? ఇది ఊహించుకోవడమే నా వేసవి పని. పిల్లలకు ఎండాకాలం ఎంత మంచిదో నాకు అంత చెడ్డది.

వేసవిలో పొద్దున పూట చర్చిలో పిల్లలకు బైబిలు బడి పెడతారు. అదవగానే పిల్లలంతా మా పెరట్లోకి వచ్చిపడేవారు. మా వాళ్ళ పిల్లలూ, పక్కింటి దుర్గమ్మగారి పిల్లలూ, కాలువ గట్టు మీది గుడిసెల పిల్లలూ, తేడా లేదు. అతని గది నిండా ఆటోనగరు నుంచి తెచ్చుకున్న పాత ట్యూబులు, ఇనప బంతులు, మాడిపోయిన బల్బులు. ట్యూబుతో తొట్టిలో నీళ్ళు పైకెక్కించి మొక్కలకు పారించేవాళ్ళు. దూదిలో దోసగింజలు మొలిపించి, వేరు ఎటు తిరిగిందో చూడమని తలకిందులుగా వేలాడగట్టేవాళ్ళు. ‘వేలు పెట్టి చూశాకే చెప్పండి. మేష్టారు చెప్పాడని చెప్పొద్దు’ అనేవాడు. నేను గుమ్మంలో కూర్చుని, ఎవరి వేలు దేనిలో పడుతుందో, ఏది తెగుతుందో కాలుతుందో అని కాపలా కాసేదాన్ని.

ఒకసారి మాడిన బల్బు మూతి ఊడగొట్టి, లోపల నీళ్ళు నింపి, పిట్టగోడ మీద పెట్టి మరిచిపోయాడు. ఆ గోడ మీదే నా ఆదివారం తెల్లచీర ఆరేశాను. కాసేపటికి కమురు వాసన. వెళ్ళి చూద్దును కదా, చీరకు గుండ్రంగా, శనగగింజంత కన్నం, అంచులు గోధుమరంగు.

‘ఏమయ్యో మేష్టారూ! ఇటు రా! నీ చదువు నా చీరకు కన్నం పెట్టింది!’

వచ్చాడు. క్షమించమంటాడేమో అనుకున్నాను. కన్నం మీదికి వంగి, వేలితో తడిమి, మొహం విప్పార్చుకుని పిల్లల్ని కేకేశాడు. ‘రండ్రా రండి! బల్బులో నీళ్ళు ఎండని ఒక్క చోటికి పోగుచేశాయి. ఎంత గుండ్రంగా కాల్చిందో చూడండి!’

‘నా మొహాన్ని కూడా చూపించు పిల్లలకి. అది కూడా కాలుతోంది’ అన్నాను.

‘వదినా, నీ చీర పుణ్యమా అని పాఠం వచ్చింది’ అన్నాడు. పిల్లలంతా నవ్వారు. నా మనవరాలు అందరికంటే ముందు నవ్వింది. ఆ కన్నానికి నేనే రఫ్ఫు వేసుకున్నాను. కొత్త చీర కొనిస్తానని ఎన్ని వేసవులన్నాడో. కొనలేదు.

గొడుగు సంగతి చెబుతాను. అసలు చెప్పాల్సింది అదే.

అది మా ఆయన గొడుగు. పెద్దది, నల్లగుడ్డ, వంకీ పిడి. ఆయన పోయాక గుడ్డలో చుట్టి దాచాను. కంకిపాడు బస్సు దిగి ఈ మరిది నెత్తి మాడేలా నడిచి వస్తుంటే చూడలేక తీసి ఇచ్చాను. ‘నీ అన్న గొడుగు. నెత్తి మీదే ఉండాలి సుమా’ అని చెప్పి మరీ ఇచ్చాను. పోయిన మనిషి వస్తువు తీసి ఇవ్వడం నాకేం సరదా కాదు. ఉన్న మనిషికి నీడగా ఉంటుందని ఇచ్చాను.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది వేసవిలో కిరసనాయిలుకు కటకటగా ఉండేది. రేషను షాపు దగ్గర నిలబడి నిలబడి వచ్చి నేను విసుక్కుంటుంటే, అతను ఆకాశం వైపు చూసి, ‘ఇంత ఎండ ఊరికే పోతోంది వదినా’ అన్నాడు.

‘పోనీవయ్యా! పోతే పోయింది. నీ సొమ్మా?’

‘వంట చేసి పెడుతుంది. కాస్త పోగుచెయ్యాలంతే.’

మర్నాడు చూస్తే గొడుగు పెరట్లో తిరగేసి ఉంది, పెద్ద మూకుడులాగా. చుట్టూ పిల్లలు. మధ్యలో నా మైదాపిండి ఉడికించి చేసిన జిగురు. గొడుగు లోపలంతా సిగరెట్టు పెట్టెల్లో ఉండే వెండి కాగితం అతికిస్తున్నారు. నెత్తికి నీడనిస్తుందని ఇచ్చినదాన్ని ఎండ పట్టే గిన్నె చేశాడు! ఇంతకంటే విపరీతం ఎక్కడైనా విన్నారా? అతను మాత్రం, ‘అన్నయ్య గొడుగు కొలత సరిగ్గా సరిపోయింది వదినా, ఊచల వంపు చూడు’ అంటున్నాడు.

ఆ వారంలోనే అయ్యగారు మా గుమ్మంలోకి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

‘అమ్మా, మీ కరుణ బైబిలు బడి అవగానే కిళ్ళీకొట్టు ముందు సిగరెట్టు పెట్టెలు ఏరుతోందమ్మా. సంఘపెద్దలు కూడా చూశారు.’

నాకు తల కొట్టేసినట్టయింది. నేరుగా పెరటి గదికి వెళ్ళాను. ‘చుట్ట వాసనంటేనే పడని మనిషివి, ఆడపిల్ల చేత సిగరెట్టు పెట్టెలు ఏరిస్తావా? అయ్యగారు వాకిట్లో నిలబడి ఉన్నారు, ఏం చెప్పమంటావు?’

‘అయ్యగారిని కూడా వచ్చేటప్పుడు నాలుగు ఏరుకు రమ్మను వదినా. ఇంకా ఒక ఊచ పక్కన ఖాళీ ఉంది.’

‘నోరు కడుక్కో ముందు!’

అయ్యగారికి వినబడనే వినబడింది. దగ్గారు. దగ్గా, నవ్వా, నాకు తెలియలేదు. ఆ తరవాత నేను చాలా ఆదివారాలు చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను.

కాగితం అతికించాక గట్టు మీద పెట్టి చూస్తే వడగాలికి గొడుగు ఎగిరిపోతోందని అతనూ పిల్లలూ కాలువలోకి దిగారు. వేసవిలో నీళ్ళు కట్టేస్తారు కదా, అడుగంతా ఇసుక. గట్ల మధ్య గాలి ఆడదు. గాలి ఆడని చోట ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, పెనమే. నేను గట్టు మీదికి వెళ్ళి నలుగురి ముందూ కేకలేశాను. ‘పిల్లలు ఒక్కరు కూడా ఎండలో నిలబడటానికి వీల్లేదు. వంతెన నీడలో కూర్చుని చూడాలి. కాదన్నావో, నా పిల్లను పంపను. మిగతా తల్లులకూ చెబుతాను, నీ బడి ఇవాళ్టితో సరి!’

‘సరే వదినా. నువ్వు చెప్పినట్టే’ అన్నాడు.

నా మాట విన్నది జన్మలో అదొక్కటే. విన్నాడు. పిల్లలందరినీ వంతెన కింద కూర్చోబెట్టి తను ఒక్కడే ఎండలో నిలబడేవాడు. ఎందుకంటే ఆ గొడుగు ఒకచోట ఉండేది కాదు. పొద్దు జరిగిన కొద్దీ దాన్నీ జరుపుతూ ఉండాలి. ఎండ బాగా పట్టాలని మసి పూసి పిడికి కట్టిన గ్లాసు మీద నుంచి వెలుగు చుక్క జారితే మళ్ళీ మొదటికి. దాన్ని తిప్పేవాడు, తిప్పేవాడు. పిల్లల్ని నిలబెట్టొద్దన్నాను. నిన్ను నిలబడమన్నానా? నీకు వేరే చెప్పాలా? పంతులువి కదా, పిల్లలకు తగిలే ఎండే నీకూ తగులుతుందని నీకొకరు పాఠం చెప్పాలా?

మొదటి ఏడు కోడిగుడ్డు పెట్టారు. సాయంత్రానికి తెచ్చి నా ముందు పగలగొట్టాడు.

‘తెల్లసొన గట్టిపడింది చూడు వదినా.’

‘పచ్చసొన కారుతోంది. తింటే విరేచనాలు పట్టుకుంటాయి. కోడలికి నువ్వు చెబుతావా, నేను చెప్పాలా?’

‘అయితే వచ్చే ఏడు టీ కాచి నీకే ఇస్తాను. టీ కాగిందో లేదో చెప్పడానికి నీకంటే తగినవాళ్ళు ఎవరున్నారు?’

మరుసటి ఏడు టీ కాగలేదు. కాగితాలు ఊడిపోయాయి. ఈ ఏడు మళ్ళీ మొదటి నుంచి అతికించారు.

ఆ రోజు పొద్దున కూడా నేను ఊరుకోలేదు. మజ్జిగ తాగించాను. వడదెబ్బకు మంచిదని జేబులో ఉల్లిపాయ పెట్టాను. మా అత్తగారు పెట్టేది, నేనూ పెడతాను. తలకు చుట్టుకోమని తడి తువ్వాలు చేతికిచ్చాను. ‘ఇంత బందోబస్తు కలెక్టరుకైనా ఉండదు వదినా’ అని నవ్వుతూ వెళ్ళాడు.

తరవాత కరుణను అడిగి తెలుసుకున్నాను. తువ్వాలు మళ్ళీ తడిపి వంతెన కింద ఆయాసపడుతున్న చిన్నపిల్లకు చుట్టాడట. ఉల్లిపాయను బ్లేడుతో కోసి, పైపొర తీసి, నీటిచుక్కనే భూతద్దంగా పెట్టి పిల్లలకు గళ్ళు గళ్ళుగా చూపించాడట. గొడుగేమో తిరగేసి ఇసుకలో ఉంది. ఇక అతనికి మిగిలిందేమిటి? నేనిచ్చిన ప్రతి వస్తువూ పాఠమైపోయింది, లేదా ఎవరి నెత్తి మీదికో పోయింది. నేను ఏ వస్తువు ఇచ్చి ఉంటే తన కోసం ఉంచుకునేవాడో ఇప్పటికీ నాకు తెలియదు.

భూస్థాపనకు నేను ఆ రఫ్ఫు వేసిన తెల్లచీరే కట్టుకున్నాను. కావాలనే కట్టుకున్నాను. చూడు, కొనివ్వనేలేదు అని. అక్కడ ఒక తల్లి నా పక్కకు చేరి, ‘పోనీలెండి పిన్నిగారూ, మా పిల్లలకేం కాలేదు, అదే అదృష్టం’ అంది.

‘అదృష్టమా? మీ పిల్లలకేం కాకుండా ఎండలో నిలబడిందెవరనుకున్నావు? అదృష్టం నిలబడిందా?’ అన్నాను. నలుగురూ తిరిగి చూశారు. చూడనీ.

ఇంటికొచ్చి గొడుగు మూసి అటక మీద పడేశాను. కరుణ నాతో మాట మానేసింది. పంతుళ్ళు పంచిన కాగితం చదివిన నాటి నుంచి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకు మళ్ళీ భయం. జ్వరమా అని నుదురు పట్టుకు చూస్తే నా చేయి తోసేసింది.

జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలారు. అతను నిలబడిన ఇసుక మీదుగా ఎర్రనీళ్ళు వచ్చాయి. ఆ రోజు పిల్ల నోరు విప్పింది.

‘నాయనమ్మా, గొడుగు తియ్యి.’

‘తియ్యను. దాని పేరెత్తకు.’

‘టీ కాగింది.’

‘ఏమిటీ?’

‘కాగింది నాయనమ్మా. పొంగింది. ‘చిన్న తాతయ్యా, కాగింది’ అని మేం అరిచాం. గ్లాసు విప్పి వంతెన కిందికి తెచ్చి నా చేతికిచ్చి, ‘మీ నాయనమ్మకి’ అన్నాడు. అంతే, కూర్చుండిపోయాడు. పూర్తి కాలేదని అచ్చేశారు వీళ్ళు. నేను చెబితే, ఎండకు నీళ్ళు వేడెక్కుతాయే గానీ కాగవు అంటున్నారు. మా అమ్మ కూడా అదే అంటోంది.’

ఆ గ్లాసు నాకు గుర్తొచ్చింది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి. నేను ఆ రోజు దాన్ని లాక్కుని అరుగు మీద పెట్టి పరిగెత్తాను. లోపల ఏముందో చూడలేదు. తిరిగొచ్చేటప్పటికి చీమలు పట్టి ఉంటే కడిగేశాను. ఎండలో ఇనుమూ కాలుతుంది, గడపా కాలుతుంది. ఆ వేడి ఏ వేడో ఎవరు చెప్పగలరు? పోయినవాడు ఎటూ పోయాడు. కానీ ఊరికే పోయాడా? ఆ ప్రశ్న ఆ పిల్ల నా మీద వేసింది. వేశాక నాకు నిద్ర లేదు.

గొడుగు దింపాను. షరతులు పెట్టాను. మా పెరట్లోనే పెట్టాలి. పిల్లలు వరండా దాటకూడదు. గొడుగు తిప్పేది నేను. దుర్గమ్మగారి గొడుగు అడిగి తెచ్చి నా నెత్తి మీద పట్టుకున్నాను, తడి తువ్వాలు చుట్టుకున్నాను, జేబు లేదు గనుక ఉల్లిపాయ కొంగున కట్టుకున్నాను. ఒక గొడుగు పట్టుకుని ఇంకో గొడుగు తిప్పుతున్న ముసలిదాన్ని చూసి దుర్గమ్మగారు గోడ మీద నుంచి, ‘ఏంటండీ వదినగారూ, వానా ఎండా రెండూ మీ ఇంట్లోనేనా?’ అంది.

‘మీ పని మీరు చూసుకోండి’ అన్నాను.

‘కొంచెం ఎడమకి నాయనమ్మా. చుక్క జారింది. ఇంకొంచెం. ఆఁ, అక్కడ.’ అచ్చం అతని గొంతే. తిట్టుకుంటూ తిప్పాను. కళ్ళు చెదురుతున్నాయి. నా నీడ గొడుగు మీద పడుతోందని మనవరాలు నన్ను కసిరింది. ఎంతసేపో తెలియదు. గ్లాసు మీద పెట్టిన ఆవకాయ జాడీ మూత ముందు చెమ్మగిల్లింది. తరవాత చిన్నగా చప్పుడు చేసింది. తరవాత ఆగకుండా చేసింది. టీ వాసన వచ్చింది.

పిల్లలు అరవలేదు. ఒక్కరూ అరవలేదు. కరుణ వరండాలోంచి మెల్లగా, ‘వేలు పెట్టి చూశాకే చెప్పు నాయనమ్మా’ అంది.

పెట్టాను. కాలింది. వెంటనే బొబ్బ లేచింది.

పుస్తకం వేసే బాబులూ, మీకిదే చెబుతున్నాను. పూర్తి కాని ప్రయోగం అని మళ్ళీ వేశారంటే ఊరుకోను. టీ కాగింది. బొబ్బ ఇంకా తగ్గలేదు, ఆ వేలి పక్కనే కలం పెట్టి ఇది రాస్తున్నాను. మనిషే పోయాక కాగితే నాకేం, కాగకపోతే నాకేం అని కూడా రాస్తున్నాను. రెండూ వేయండి.

గొడుగు ఇప్పుడు పిల్లల దగ్గరే ఉంది. మూసినప్పుడల్లా ఆ వెండి కాగితాలు చేప పొలుసుల్లా రాలి పెరడంతా పడతాయి. ఎంత ఊడ్చినా ఒకటి మిగులుతుంది. పొద్దున్నే చీపురు పట్టుకుని వంగగానే గడప సందులోనో, రోటి కిందో ఎండ పడి తళుక్కుమంటుంది. ‘ఏమయ్యో మేష్టారూ, ఇంకా పోలేదూ నువ్వు!’ అని తిట్టి, దాన్ని వదిలి, చుట్టూ ఊడ్చుకుంటాను.